అరబ్బీ, మార్వాడీ, థరోబ్రెడ్: గుర్రపు జాతుల చుట్టరికం ఎలా తేలుతుంది?

హైదరాబాద్‌లో గుర్రాలు కనిపించే చోట్లను ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మలక్‌పేట రేస్‌కోర్సులో పందేలకు పరుగెత్తేవి కొన్ని, పోలీసు అశ్వదళానికి చెందినవి కొన్ని, పెళ్లిళ్ల సీజన్‌లో మర్ఫా మోతల మధ్య పాతబస్తీ గల్లీల్లో బరాత్‌కు ముందు నడిచేవి కొన్ని, శివార్లలోని రైడింగ్ స్కూళ్లలో పిల్లలను మోసేవి మరికొన్ని. వీటి జాతి ఏమిటని అడిగితే మాత్రం జవాబులకు కొదవ ఉండదు. బరాత్ గుర్రం యజమాని తనది అసలు సిసలు అరబ్బీ అంటాడు. రైడింగ్ స్కూలు ప్రకటన ‘మార్వాడీ, థరోబ్రెడ్ క్రాస్’ అంటుంది, అంటే రాజస్థాన్ జాతికీ ఇంగ్లండ్ పందెపు జాతికీ పుట్టిందని. అమ్మకపు వీడియోల్లో ‘నుక్రా జాతి’, ‘సింధీ జాతి’ అన్న పేర్లు వినిపిస్తాయి. వీటికి తోడు గత కొన్నేళ్లుగా గుర్రాల డీఎన్ఏ మీద వెలువడుతున్న పరిశోధనలు వార్తల్లోకి ఎక్కి, గుర్రాలన్నిటి పుట్టిల్లు దొరికిందనీ, థరోబ్రెడ్‌లో అరబ్బీ వాటా దాదాపు లేనే లేదనీ చెబుతుంటే, చిన్నప్పటి నుంచి విన్న కథలకూ ఈ కొత్త లెక్కలకూ పొంతన కుదరక పాఠకులు తికమక పడుతున్నారు.

పొంతన కుదరకపోవడానికి ముఖ్య కారణం, జాతి అన్న ఒక్క పేరు కింద నాలుగైదు వేర్వేరు ప్రశ్నలు కలగలిసిపోవడమే. వాటిని విడివిడిగా చూస్తే చాలా చిక్కులు వీడిపోతాయి. కొన్ని వీడవు, వాటి మీద పరిశోధకులే ఇంకా వాదించుకుంటున్నారు.

జాతిని నిర్ణయించేది రిజిస్టరే

షెట్లాండ్ పొట్టి గుర్రం మొదలుకొని టన్ను బరువు తూగే షైర్ బండి గుర్రం వరకు, పెంపుడు గుర్రాలన్నీ ఒకే జీవజాతి. అన్నిటికీ 64 క్రోమోజోములే. ఏ రెండింటికి పుట్టిన పిల్లకైనా సంతానశక్తి ఉంటుంది. గాడిదకు 62 క్రోమోజోములు కాబట్టి గుర్రానికీ గాడిదకూ పుట్టే కంచరగాడిదకు 63 వస్తాయి, అది సాధారణంగా గొడ్డుబోతుంది. అంటే ప్రకృతి గీసిన గీత గుర్రానికీ గాడిదకూ మధ్య ఉంది గానీ, అరబ్బీకీ మార్వాడీకీ మధ్య లేదు.

అరబ్బీకీ మార్వాడీకీ మధ్య గీత గీసింది మనుషులు. తల్లీ తండ్రీ ఎవరో రాసిపెట్టే వంశావళి పుస్తకాన్ని గుర్రాల వాళ్లు స్టడ్‌బుక్ అంటారు. ఆధునిక అర్థంలో జాతి అంటే ఆ పుస్తకంలో పేరుండే హక్కు. ఇంగ్లండ్‌లో థరోబ్రెడ్ల ‘జనరల్ స్టడ్‌బుక్’ తొలిసారి 1791లో అచ్చయింది. అమెరికాలో క్వార్టర్ హార్స్ అనే జాతి సంఘం 1940లో ఏర్పడింది. గుర్రాన్ని మనిషి మచ్చిక చేసి నాలుగు వేల ఏళ్లు దాటితే, ఈ పుస్తకాల వయసు రెండు మూడు శతాబ్దాలకు మించదు. జాతుల గురించిన వాదాలలో సగం ఈ ఒక్క తేడాను మరిచిపోవడం వల్లనే పుడుతున్నాయని నా అభిప్రాయం.

పుస్తకాలలోనూ రెండు పద్ధతులున్నాయి. కొన్నిటి తలుపులు మూసి ఉంటాయి. థరోబ్రెడ్‌గా నమోదు కావాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ నమోదైన థరోబ్రెడ్లే కావాలి. అంతేకాదు, కృత్రిమ గర్భధారణ ద్వారా పుట్టిన పిల్లను అసలు అంగీకరించరు. కొన్నిటి తలుపులు సగం తెరిచి ఉంటాయి. జర్మనీకి చెందిన హనోవేరియన్ పుస్తకం, పరీక్షలో నెగ్గిన ఇతర జాతుల గుర్రాలను కూడా సంతానానికి అనుమతిస్తుంది. క్వార్టర్ హార్స్ వాళ్లు థరోబ్రెడ్‌తో కలిసిన సంతానానికి వేరే వరుస పెట్టి, అర్హత సంపాదించుకున్న వాటిని అసలు వరుసలోకి తీసుకుంటారు. కాబట్టి ‘స్వచ్ఛమైన హనోవేరియన్’ అన్నా ‘స్వచ్ఛమైన థరోబ్రెడ్’ అన్నా ఒకే రకం స్వచ్ఛత కాదు.

పశువుల విషయంలో మన దగ్గరే ఇందుకు ఒక మంచి ఉదాహరణ ఉంది. ఒంగోలు పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరి, అక్కడ నెల్లూరు పేరు మీద ‘నెలోర్’ అయ్యాయి. మూలం ఒకటే, కానీ అక్కడి పెంపకందారులు మాంసం కోసం ఎంపిక చేసుకుంటూ పోయారు, రిజిస్టరు వేరు చేశారు, ఈనాడు ప్రపంచం వాటిని రెండు జాతులుగా లెక్కపెడుతోంది. గుర్రాలలో ఇలాంటివి పదుల సంఖ్యలో జరిగాయి.

ఇక పోనీ అనేది జాతి కాదు, ఎత్తు. గుర్రం ఎత్తును మెడ కింద మూపు దగ్గర ‘హ్యాండ్’లలో కొలుస్తారు, ఒక హ్యాండ్ అంటే 4 అంగుళాలు. 14.2 అని రాస్తే 14 హ్యాండ్ల 2 అంగుళాలు, అంటే 58 అంగుళాలు, సుమారు 147 సెంటీమీటర్లు. సాధారణంగా అంతకు లోపు ఉన్నదాన్ని పోనీ అంటారు. అయితే 14 హ్యాండ్లున్న అరబ్బీని ఎవరూ పోనీ అనరు. అక్కడ ఆచారమే నియమాన్ని మించిపోయింది. ఉష్ణరక్తం, శీతలరక్తం అన్న విభజన కూడా అంతే. చురుకైన ఎడారి గుర్రాలను ఒక పేరుతో, నెమ్మదైన బండి గుర్రాలను మరొక పేరుతో పిలిచే పాత యూరప్ అలవాటు అది. ఒంట్లో వేడి అన్నిటికీ ఒకటే.

తెల్ల గుర్రం ఏ జాతిది?

రంగును జాతిగా పొరబడటం మన ఊళ్లో మరీ ఎక్కువ. బరాత్‌లో నడిచే తెల్ల గుర్రాన్ని కాస్త దగ్గరికి వెళ్లి చూడండి. మూతి, కళ్ల చుట్టూ ఉన్న చర్మం, తోక కింది భాగం నల్లగా ఉంటే, అది పుట్టుకతో తెల్లది కాదు. నల్లగానో ఎర్రగానో పుట్టి, ఏడాది ఏడాదికీ వెంట్రుక నెరుస్తూ, మధ్యలో కొన్నేళ్లు బూడిద రంగు మీద చుక్కలు చుక్కలుగా కనిపించి, చివరికి పాలవన్నెకు తిరిగింది. స్నానం చేయించినప్పుడు తడిసిన వెంట్రుకల కింద నల్ల చర్మం స్పష్టంగా తెలుస్తుంది. గుర్రాల పరిభాషలో దీన్ని ‘గ్రే’ అంటారు. మూతి గులాబీ రంగులో ఉండి, పుట్టినప్పటి నుంచీ ఒళ్లంతా తెల్లగా, తరచు లేత కళ్లతో ఉన్నది వేరు. దాన్నే ఉత్తరాది సంతల్లో నుక్రా అని ముద్దుగా పిలుచుకుని ఎక్కువ ధర పెడతారు.

గ్రే రంగుకు కారణమైన జన్యు మార్పు 2008లో బయటపడింది. ఒక జన్యువులో 4,600 డీఎన్ఏ అక్షరాల ముక్క ఒకటి రెండోసారి నకలు కావడమే దానికి మూలం. పరిశోధకులు చూసిన జాతులన్నిటిలోని గ్రే గుర్రాలలోనూ అదే ముక్క, అదే చోట నకలై ఉంది. అరబ్బీలోనూ ఆస్ట్రియా రాజవంశపు లిపిజానర్‌లోనూ ఈ మార్పు విడివిడిగా పుట్టలేదు. ఎప్పుడో ఒకే గుర్రంలో పుట్టి, మనుషులకు నచ్చి, జాతుల పేర్లు పుట్టకముందే అంతటా పాకింది. ఈ మార్పు ఒక్క వైపు నుంచి వచ్చినా చాలు, వెంట్రుక నెరుస్తుంది. కాబట్టి ఒక్క కాపీ ఉన్న గ్రే మగ గుర్రాన్ని ఎర్ర ఆడ గుర్రంతో కలిపితే పిల్లల్లో సగటున సగం గ్రే అవుతాయి. రంగు చూసి జాతి చెప్పడం ఎందుకు కుదరదో ఈ లెక్కే చెబుతుంది. నుక్రా కూడా రంగు పేరే. ఆ రంగున్న గుర్రం మార్వాడీ కావచ్చు, గుజరాత్‌కు చెందిన కాఠియావాడీ కావచ్చు, ఏ పుస్తకంలోనూ లేనిది కావచ్చు.

మొదటి పెంపుడు గుర్రాలు ఎక్కడివి?

గుర్రం కుటుంబం పుట్టింది ఉత్తర అమెరికాలో. నేటి గుర్రాలు, గాడిదలు, జీబ్రాలు అన్నిటి ఉమ్మడి పూర్వీకులు సుమారు 40 నుంచి 45 లక్షల ఏళ్ల కిందట అక్కడ ఉండేవని డీఎన్ఏ అంచనా. అవి అప్పటి భూమార్గం మీదుగా ఆసియాకు వచ్చాయి. తరువాత అమెరికాలో గుర్రాలు అంతరించిపోయి, 1493లో కొలంబస్ రెండో యాత్రలో ఓడ మీద తిరిగి అడుగుపెట్టాయి. అమెరికా సినిమాల్లో కనిపించే మస్టాంగులు ఆ స్పెయిన్ గుర్రాలూ, ఆ తర్వాత వచ్చినవీ తప్పించుకుని అడవిపాలైతే పుట్టిన సంతతి.

మచ్చిక చేసింది ఎక్కడ అన్నది అసలు వివాదం. చాలాకాలం కజకిస్తాన్ ఉత్తర భాగంలోని బోతాయ్ అనే చోటు పేరే చెప్పేవారు. సుమారు 5,500 ఏళ్ల కిందటి ఆ పల్లెలో తవ్వితే బయటపడిన ఎముకల్లో అత్యధికం గుర్రాలవే. మట్టి పాత్రల్లో గుర్రపు పాల ఆనవాళ్లు, పళ్ల మీద కళ్లెం రాపిడి గుర్తులు ఉన్నాయని 2009లో ఒక బృందం ప్రకటించింది. 2018లో ఆ ఎముకల డీఎన్ఏ చదివితే అనుకోని సంగతి తేలింది. నేటి పెంపుడు గుర్రాలలో బోతాయ్ వాటా సుమారు 3 శాతానికి మించలేదు. బోతాయ్ గుర్రాలకు దగ్గరి చుట్టాలు మంగోలియాలోని ప్ర్షెవాల్‌స్కీ గుర్రాలు. లోకంలో మిగిలిన చివరి అడవి గుర్రం అని అందరూ అనుకున్నది, ఒకప్పుడు మచ్చికై మళ్లీ అడవికి వెళ్లిన దాని సంతతి కావచ్చునని ఆ అధ్యయనం సూచించింది. దీన్ని అందరూ ఒప్పుకోలేదు. పళ్ల మీద రాపిడి కళ్లెం లేకుండానూ ఏర్పడుతుందనీ, బోతాయ్ ప్రజలు గుర్రాలను వేటాడినవారే తప్ప పెంచినవారు కాదనీ 2021లో మరో పరిశోధక బృందం వాదించింది. ఈ వాదంలో ఎవరి పక్షం నిలుస్తుందో గానీ, ఫలితం ఒక విషయంలో ఒకటే: బోతాయ్ మన గుర్రాల పుట్టిల్లు కాదు.

పుట్టిల్లు వోల్గా, దోన్ నదుల దిగువ మైదానాలని 2021లో వెలువడిన అధ్యయనం చెప్పింది. 273 ప్రాచీన గుర్రాల జన్యుపటాలను పోల్చి చూసి, క్రీ.పూ. 2200 ప్రాంతం నుంచి కొన్ని శతాబ్దాల లోపలే ఆ ఒక్క వంశం యూరప్ నుంచి మధ్య ఆసియా దాకా అంతకుముందున్న స్థానిక గుర్రాలను తోసిరాజని తన సంతతిని నింపిందని తేల్చారు. ఆ వంశంలో రెండు జన్యువుల చుట్టూ ఎంపిక జాడలు బలంగా కనిపించాయి. ఇతర జీవుల మీద జరిగిన అధ్యయనాలను బట్టి వాటిలో ఒకటి వెన్ను బలానికీ, మరొకటి బెదురు తగ్గడానికీ సంబంధించినదని ఊహిస్తున్నారు. వీపు మీద మనిషిని మోయాల్సిన, యుద్ధరొదలో నిలకడగా ఉండాల్సిన జంతువుకు రెండూ కావాల్సినవే. అదే కాలానికి చువ్వల చక్రాల తేలికపాటి రథాలు ఉరల్ పర్వతాల దగ్గరి సింతాష్తా సంస్కృతిలో కనిపిస్తాయి. అంతకు వెయ్యేళ్ల ముందే గడ్డిమైదానాల్లో కొందరు గుర్రం ఎక్కేవారని అస్థిపంజరాల అరుగుదలను బట్టి 2023లో వాదించిన వారున్నారు. ఒకరిద్దరు ఎక్కడం, ఒక ఖండమంతా గుర్రాలతో నిండిపోవడం వేర్వేరు సంగతులు కాబట్టి రెండు వాదాలూ కలిసి నిలబడే వీలుంది. 2024లో 475 ప్రాచీన గుర్రాలను చూసిన మరో అధ్యయనం, గుర్రాలను పెద్ద ఎత్తున పెంచి తరలించడం మాత్రం క్రీ.పూ. 2200కు ముందు లేదని గట్టిగానే చెప్పింది.

జాతుల ప్రశ్నకు ఇందులోంచి వచ్చేది ఇది. అరబ్బీ, మార్వాడీ, థరోబ్రెడ్, మంగోలియా గుర్రం, ఐస్‌లాండ్ గుర్రం అన్నీ ప్రధానంగా ఆ ఒక్క వంశపు బిడ్డలే. అరబ్బీ ఎడారి అడవి గుర్రం నుంచి, బండి గుర్రం యూరప్ అడవుల గుర్రం నుంచి విడివిడిగా పుట్టాయన్న పాత పుస్తకాల చిత్రం దీనితో చెల్లకుండా పోయింది. యూరప్ పెంపుడు గుర్రాలకు తాత అని ఒకప్పుడు చెప్పిన, ఇప్పుడు అంతరించిపోయిన అడవి గుర్రం తార్పాన్ కూడా, ఈ వంశానికి దగ్గరి గుర్రాలూ స్థానిక గుర్రాలూ కలిసి పుట్టిన మిశ్రమమని అదే 2021 పరిశోధనలో తేలింది.

ఒక చిన్న మెలిక మిగిలింది. ప్ర్షెవాల్‌స్కీ గుర్రానికి 66 క్రోమోజోములు. పెంపుడు గుర్రంతో కలిస్తే పుట్టే పిల్లకు 65 ఉంటాయి, అయినా దానికి సంతానశక్తి ఉంటుంది. కంచరగాడిద లెక్క ఇక్కడ పనిచేయదు. దాన్ని వేరే జీవజాతి అనాలా, ఉపజాతి అనాలా అన్నదానిపై అందుకే ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

మగ వరుస ఒక కథ చెబుతుంది, మొత్తం రక్తం మరొకటి

మలక్‌పేటలో పరుగెత్తే థరోబ్రెడ్ల గురించి అందరూ చెప్పే మాట, అవన్నీ మూడు మగ గుర్రాల సంతానమని. ఆ మూడు 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్ చేరిన బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గోడాల్ఫిన్ అరేబియన్. ఈ మాట నిజమే, అయితే తండ్రికి తండ్రి, ఆయనకు తండ్రి అని ఒక్క దారిలోనే వెనక్కి నడిచినప్పుడు మాత్రమే నిజం.

జన్యువులను మూడు రకాలుగా వెతకవచ్చు. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్తుంది, కాబట్టి అది మగ వరుస చెబుతుంది. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది, కాబట్టి ఆడ వరుస చెబుతుంది. మిగిలిన క్రోమోజోములన్నీ ఇరువైపులా కలగలిసి వస్తాయి. గుర్రం ఒళ్లు, పరుగు, రోగాలు చాలావరకు వీటి చేతిలోనే ఉంటాయి.

ఒక లెక్క వేసి చూద్దాం. తల్లిదండ్రులు 2, తాతలు అమ్మమ్మలు 4, ఆ పై తరం 8. ఇలా 10 తరాలు వెనక్కి వెళ్తే 1,024 స్థానాలు వస్తాయి. ఆ స్థానాల్లో ఒక్కసారి మాత్రమే కనిపించే పూర్వీకుడి వాటా సగటున వెయ్యింట ఒకటి. కానీ ఆ గుర్రం అచ్చంగా మగ వరుస చివర నిలబడి ఉంటే, దాని వై క్రోమోజోమ్ దాదాపు చెక్కుచెదరకుండా నేటి గుర్రంలో ఉంటుంది. ఇంకా వెనక్కి, 25 తరాలు వెళ్తే స్థానాలు 3 కోట్ల 35 లక్షలు దాటుతాయి. అన్ని గుర్రాలు ఆనాడు ఇంగ్లండ్‌లో లేనే లేవు. అంటే ఒకే గుర్రం వేల, లక్షల స్థానాల్లో మళ్లీ మళ్లీ కూర్చుని ఉండాలి. వంశవృక్షం అని మనం గీసే బొమ్మ పైకి పోయేకొద్దీ చెట్టులా విచ్చుకోదు, కొమ్మలు మళ్లీ కలుసుకుంటాయి.

ఇప్పుడు అసలు అంకెలు చూడండి. డబ్లిన్ ట్రినిటీ కాలేజీ పరిశోధకులు 2001లో వేసిన లెక్క ప్రకారం నేటి మగ థరోబ్రెడ్లలో 95 శాతం మగ వరుస డార్లీ అరేబియన్‌దే. ఆ వరుసలో 1764లో పుట్టిన ఎక్లిప్స్ అనే ఓటమెరుగని గుర్రం పెద్ద మలుపు. కానీ మొత్తం జన్యువుల్లో డార్లీ వాటా 6.5 శాతం దగ్గర ఆగింది. మగ వరుసలో దాదాపు కనుమరుగైన గోడాల్ఫిన్ అరేబియన్ వాటా మాత్రం 14 శాతం దాకా ఉంది. కూతుళ్ల ద్వారా, మనుమరాళ్ల ద్వారా అది అన్ని వైపుల నుంచీ లోపలికి వచ్చింది. మగ వరుస మాత్రమే చూసినవారికి డార్లీ రాజు, మొత్తం చూసినవారికి గోడాల్ఫిన్ పెద్ద. రెండు మాటలూ తప్పు కావు. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

ఆడ గుర్రాల సంగతి పందేల ప్రపంచం తక్కువగా మాట్లాడుతుంది. వాటిలో చాలా వాటికి తొలి పుస్తకాల్లో పేరు కూడా లేదు, ఎవరి ఆడ గుర్రం అన్నంతవరకే రాశారు. కానీ తక్కువ దూరం పందేల్లో వేగంతో ముడిపడిన మయోస్టాటిన్ జన్యువు రూపం ఎక్కడిదని 2012లో వెతికితే, అది తూర్పు నుంచి తెచ్చిన ఆ మగ గుర్రాలది కాదనీ, బహుశా సుమారు 300 ఏళ్ల కిందటి ఒక బ్రిటన్ స్థానిక ఆడ గుర్రం నుంచి వచ్చిందనీ తేలింది. ఈ రూపం రెండు వైపుల నుంచీ వచ్చిన గుర్రం పొట్టి పందేల్లో, అసలు రానిది దూరపు పందేల్లో రాణించే అవకాశం ఎక్కువ. పేరు దక్కింది తండ్రులకు, పరుగులో కొంత భాగం పేరు లేని తల్లులది.

అరబ్బీ అన్న పేరు మోసేదెంత?

ఇక్కడే ‘థరోబ్రెడ్‌లో అరబ్బీ లేదు’ అన్న వార్త దగ్గరికి రావచ్చు. డార్లీ అరేబియన్‌ను కొన్నది సిరియాలోని అలెప్పోలో. ఇంగ్లండ్ కొనుగోలుదారులు గుర్రాన్ని ఏ రేవు, ఏ సంత నుంచి తెస్తే ఆ పేరు పెట్టేవారు. 2017లో వై క్రోమోజోమ్ మీద జరిగిన పెద్ద అధ్యయనం, నేటి యూరప్ జాతుల మగ వరుసలు చాలావరకు గత ఏడెనిమిది వందల ఏళ్లలో తూర్పు నుంచి వచ్చిన మగ గుర్రాల దగ్గర కలుస్తాయని చూపింది. ఆ తూర్పులో రెండు శాఖలున్నాయి, ఒకటి అరేబియాది, రెండోది మధ్య ఆసియా తురుష్క మైదానాలది. థరోబ్రెడ్ వరుస రెండోదానికి చెందింది. 2020లో అరబ్బీల మొత్తం జన్యువులు చూసిన మరో అధ్యయనం, థరోబ్రెడ్‌లో అరబ్బీ వాటా చెప్పుకోదగ్గంత లేదని తేల్చి, పైగా పందేల కోసం పెంచే కొన్ని అరబ్బీలలోనే థరోబ్రెడ్ కలిసిన జాడలున్నాయని చెప్పింది.

దీన్ని పెంపకందారులు కొందరు ఒప్పుకోరు. వారి వాదనలోనూ బలం ఉంది. నేటి అరబ్బీ అంటే పుస్తకంలో నమోదైన అరబ్బీ. 300 ఏళ్ల కిందటి అరేబియా, సిరియా గుర్రాలు నేటి అరబ్బీ లాగే ఉండేవని ఏముంది? పోల్చాల్సింది ఆనాటి గుర్రాలతో, పోల్చుతున్నది వాటి ఈనాటి వారసులలో ఒక మూసిన గుంపుతో. ఆనాటి ఎముకలు మరిన్ని చదివితేగాని ఈ అభ్యంతరానికి పూర్తి జవాబు దొరకదు. అయితే అలెప్పో సంతలో అమ్మిందల్లా అరబ్బీ కాదన్న మాట మాత్రం నిలుస్తుంది.

పుట్టిన చోటును బట్టి, తెచ్చిన చోటును బట్టి పేరు పెట్టడం మనకూ కొత్త కాదు. వనాయు, పారసీక, కాంభోజ, బాహ్లిక అని అమరకోశం గుర్రాలను దేశాల పేర్లతోనే వరుసపెట్టింది. అవి నేటి అర్థంలో జాతులు కావు, వ్యాపార మార్గాల చిరునామాలు.

మార్వాడీ, భీమ్‌థడీ, మన దక్కను

భారతదేశంలో గుర్రం ఎప్పటి నుంచి ఉందన్నది రాజకీయ వేడి ఎక్కువున్న ప్రశ్న. కచ్ ప్రాంతంలోని సుర్కోటడా హరప్పా స్థలంలో దొరికిన ఎముకలు పెంపుడు గుర్రానివేనని హంగేరీ శాస్త్రవేత్త శాండర్ బొకొన్యి 1990లలో చెప్పారు. అమెరికా పురాజంతు శాస్త్రవేత్త రిచర్డ్ మెడో ఒప్పుకోలేదు. కచ్ రణ్‌లో అడవి గాడిదలు నేటికీ ఉన్నాయి. ముక్కలైన ఎముకల్లో వాటినీ గుర్రాన్నీ వేరుచేయడం నిజంగానే కష్టం. దక్కనులో మాత్రం క్రీ.పూ. మొదటి సహస్రాబ్దికి చెందిన విదర్భ బృహత్ శిలా సమాధుల్లో, నాగపూర్ దగ్గరి మాహుర్‌ఝరీలో, ఇనుప కళ్లేలూ గుర్రం తలకు కట్టే రాగి ఆభరణాలూ దొరికాయి. అక్కడ సందేహానికి తావు లేదు.

మార్వాడీ గురించి ప్రచారంలో ఉన్న కథ, అరబ్బీ గుర్రాలతో వచ్చిన ఓడ కచ్ తీరంలో పగిలిపోగా ఒడ్డుకు చేరిన గుర్రాలు స్థానిక పోనీలతో కలిశాయని. కథ సంగతి ఎలా ఉన్నా, 2014లో ఒక మార్వాడీ మగ గుర్రం పూర్తి జన్యుపటం చదివిన బృందం దానిలో అరబ్బీ, మంగోలియా వైపు రెండు పాయలు కలిసినట్టు చూసింది. చెవుల కొనలు లోపలికి తిరిగి ఒకదానికొకటి తాకేలా ఉండటానికి కారణమని భావించే ఒక జన్యువును కూడా గుర్తించింది. ఒక్క గుర్రంతో జాతి చరిత్ర తేలదన్న జాగ్రత్త పాటించాలి గానీ, వాయవ్యం నుంచి శతాబ్దాలుగా గుర్రాలు దిగుతూ ఉన్న దారిలో పుట్టిన జాతికి ఇలాంటి మిశ్రమం ఆశ్చర్యం కాదు. కాఠియావాడీ దానికి అతి దగ్గరి బంధువు. చెవులు దానివీ అలాగే తిరిగి ఉంటాయి. అందుకే చెవులు చూసి ‘మార్వాడీ’ అనేయడం తొందరపాటే.

తెలుగు నేల మీద పేరున్న పశువులు పుట్టాయి, గొర్రెలు పుట్టాయి, గుర్రపు జాతి మాత్రం పుట్టలేదు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ నమోదు చేసిన గుర్రపు, పోనీ జాతులు 8: భూటియా, కాఠియావాడీ, మణిపురీ, మార్వాడీ, స్పితి, జాంస్కరీ, కచ్ఛీ సింధీ, భీమ్‌థడీ. ఆంధ్ర, తెలంగాణల పేరుతో ఒక్కటీ లేదు. అందుకు కారణం గుర్రాల మీద ఆసక్తి లేకపోవడం కాదు, కొనుక్కోవడం. దక్షిణాది తేమలో, ఇక్కడి మేతతో పెద్ద గుర్రాలను తరతరాలుగా నిలబెట్టడం కష్టమై, రాజులు ఏటా ఓడల మీద తెప్పించుకున్నారు. 13వ శతాబ్దం చివర పాండ్య తీరాన్ని చూసిన మార్కో పోలో, హొర్ముజ్, ఏడెన్ రేవుల నుంచి రాజు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలు కొంటాడనీ, ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగలవనీ రాశాడు. మళ్లీ అమ్ముకోవచ్చని వర్తకులే లాడాలు కొట్టేవాళ్లను, వైద్యం తెలిసినవాళ్లను రానివ్వరని ఆయన అనుమానం. శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’ రాజనీతి పద్యాల్లో, దూరదేశాల నుంచి ఏనుగులూ గుర్రాలూ తెచ్చే వర్తకులను గ్రామాలిచ్చి, మర్యాదలు చేసి కట్టిపడేసుకోవాలనీ, ఆ సరుకు శత్రువులకు చేరకూడదనీ చెప్పింది ఈ నేపథ్యంలోనే. ఏటా కొత్త గుర్రాలు దిగే చోట సైన్యం నిలుస్తుంది, వంశావళి నిలవదు.

దీనికి మినహాయింపు లాంటిది భీమ్‌థడీ. మహారాష్ట్రలో భీమా నది లోయలో, స్థానిక పోనీలతో అరబ్బీ, తురుష్క గుర్రాలు కలిసి ఏర్పడిందని చెప్పే ఈ దక్కను గుర్రం, మరాఠా రౌతుల కింద పేరు తెచ్చుకుంది. పొట్టిది, రాళ్ల నేల మీద కాలు తడబడదు, తక్కువ మేతతో ఎక్కువ దూరం పోతుంది. ఇప్పుడు అది ఎక్కువగా ధనగర్ గొర్రెల కాపరుల సామాను మోస్తూ కనిపిస్తుంది. దాన్ని జాతిగా నమోదు చేసింది ఈ మధ్యనే. అంటే గుర్రం వందల ఏళ్లుగా ఉంది, ‘జాతి’ వయసు కొన్నేళ్లే.

బ్రిటిష్ కాలంలో ఇంకో పాయ వచ్చి కలిసింది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ నుంచి సైన్యానికి దిగుమతైన వేలర్లు, థరోబ్రెడ్, అరబ్బీ, కేప్ గుర్రం, తిమోర్ పోనీల కలగలుపు. మాసబ్‌ట్యాంక్ దగ్గర ‘ఫస్ట్ లాన్సర్’ బస్తీకి పేరిచ్చిన నిజాం అశ్వదళాల కాలంలో దేశమంతటా సైన్యం ఎక్కింది ఎక్కువగా వీటినే. అవి పేరుకు ఒక జాతి, నిజానికి ఒక అవసరం. అవసరం తీరాక దిగుమతి ఆగింది, ఇక్కడ ప్రత్యేకంగా కనిపించడమూ ఆగింది. నేడు నగరంలో బరాత్‌లకు నడిచేవాటిలో చాలావాటిని మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా, నాందేడ్ జిల్లా మాళేగావ్ వంటి జాతరల్లో కొంటారు. అక్కడ చేతులు మారే గుర్రాల్లో కాగితాలున్నవి తక్కువ. డీఎన్ఏ పరీక్ష చేయిస్తే అది ఏ నమోదైన జాతులకు దగ్గరగా ఉందో శాతాల్లో చెప్పగలరు; కానీ పోల్చడానికి ఆ జాతి గుర్రాల నమూనాలు ముందే సేకరించి ఉండాలి. భారతీయ జాతుల నమూనాలు తక్కువున్న ప్రయోగశాలలో మార్వాడీ గుర్రం ‘అరబ్బీ, మంగోలియా మిశ్రమం’గా తేలితే యజమాని సంతోషించడానికీ లేదు, బాధపడడానికీ లేదు.

మూసిన తలుపు ఖరీదు

వంశావళి పుస్తకం తలుపు మూస్తే లక్షణం స్థిరపడుతుంది, దానితోపాటు లోపమూ స్థిరపడుతుంది. అరబ్బీలలో పుట్టిన పిల్లకు రోగనిరోధక శక్తి అసలే లేకుండా చేసే ఒక వంశపారంపర్య జబ్బుంది. అది ఒక వైపు నుంచే వస్తే గుర్రం ఆరోగ్యంగానే తిరుగుతుంది, రెండు వైపుల నుంచీ వస్తే పిల్ల కొన్ని నెలల్లో చనిపోతుంది. వాహకాలైన రెండు గుర్రాలను కలిపితే ప్రతి నాలుగు పిల్లల్లో సగటున ఒకటి ఆ గతి పడుతుంది. ఇప్పుడు జన్యు పరీక్షతో ముందే తెలుసుకుని అలాంటి జతలను మానుకుంటున్నారు.

క్వార్టర్ హార్స్‌ల కథ ఇంకా స్పష్టం. 1969లో పుట్టిన ఇంప్రెసివ్ అనే మగ గుర్రం ప్రదర్శనల్లో కండలు తిరిగిన ఒంటికి బహుమతులు గెలిచి, విపరీతంగా సంతానోత్పత్తికి వాడబడింది. ఆ కండతోపాటే కండరాలు హఠాత్తుగా వణికి బిగిసిపోయే ఒక జబ్బు కూడా దాని సంతతికి దిగింది. న్యాయనిర్ణేతలు కండలు చూసి మార్కులు వేసినంతకాలం పెంపకందారులు ఆ వంశాన్ని వదల్లేదు. చివరికి క్వార్టర్ హార్స్ సంఘమే నియమం మార్చింది. 2007 జనవరి 1 నుంచి పుట్టిన పిల్లల్లో ఆ జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చిన వాటిని పుస్తకంలోకి ఎక్కించరు, తల్లీ తండ్రీ ఇద్దరూ నమోదైనవే అయినా సరే.